బస్తీ ఎవరి సొంతూరూ కాదు

ప్రవాస తెలుగు సంఘాలకు, మన పట్టణాల్లోని పేద యువత కోసం నిధులు పంపుతున్న విదేశీ సంస్థలకు బహిరంగ లేఖ

పెద్దలకు నమస్కారం.

విజయవాడలో రైలు పట్టాలకు అవతల ఉన్న అజిత్‌సింగ్‌నగర్ నుంచి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇక్కడే పుట్టాను, ఇక్కడే పెరిగాను. పదో తరగతి తప్పినవాళ్లు, ఇంటర్ మధ్యలో మానేసినవాళ్లు, డిగ్రీ పూర్తయినా ఏ పనీ దొరకక ఇంట్లో మాట పడుతున్నవాళ్లు, ఇలాంటి పిల్లలతోనే పద్దెనిమిదేళ్లుగా నా పని. సాయంత్రం ఆరు దాటాక మా గది తలుపు తీస్తాం. ఎవరో దరఖాస్తు నింపించుకోవడానికి వస్తారు, ఎవరో ఇంట్లో గొడవ పడి వస్తారు, ఎవరో ఊరికే కూర్చోవడానికి వస్తారు.

ఏటా డిసెంబరు చివర, సంక్రాంతికి ముందు మీలో కొందరు మా దగ్గరికి వస్తుంటారు. చెప్పులు బయట విడిచి చాప మీద కూర్చుంటారు. “మీకు ఏం కావాలి?” అని ఆప్యాయంగా అడుగుతారు. మేము కంప్యూటర్లు అంటాం, కుట్టు మిషన్లు అంటాం, ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పే తరగతులు అంటాం. మీరు ఇవ్వగలరని మాకు తెలిసినవే అడుగుతాం. అవి అందుతాయి కూడా. అయితే మాకు నిజంగా కావలసింది ఇన్నేళ్లలో ఒక్కసారీ నోరు తెరిచి చెప్పలేదు. చెబితే ఉన్నది కూడా పోతుందేమోనన్న భయం. ఈ ఏడాది ఆ భయం పక్కన పెట్టి రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. విదేశీ సహాయం అంటే నాకు చిన్నచూపు లేదు. 1980ల్లో హైదరాబాద్‌లో, ఆ తర్వాత విశాఖపట్నంలో, విజయవాడలో బ్రిటన్ ప్రభుత్వ నిధులతో మురికివాడల అభివృద్ధి పథకాలు నడిచాయి. సందుల్లో సిమెంటు రోడ్లు పడ్డాయి, కాలువలు కట్టారు, వీధి దీపాలు వచ్చాయి, బస్తీకొక సామాజిక భవనం లేచింది. నేను పదో తరగతికి చదువుకున్నది అలాంటి భవనం వరండాలోనే. ఇంట్లో ఉన్న ఒక్క గదిలో నాన్న నిద్రపోవాలి, తెల్లవారుజామునే హమాలీ పనికి వెళ్లాలి. ఆ వరండాలో దీపం లేకపోతే నా చదువు అక్కడితో ఆగేది. ఎక్కడో పన్ను కట్టిన ఒక బ్రిటన్ కార్మికుడి డబ్బు నాకు దీపంగా వచ్చిందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ కృతజ్ఞత నాకు ఇప్పటికీ ఉంది. 2000 తర్వాత అదే దేశం సాయంతో ఉమ్మడి రాష్ట్రంలోని 40కి పైగా పట్టణాల్లో పేదల కోసం మరో పెద్ద పథకం నడిచింది. 2015 నాటికి బ్రిటన్ మన దేశానికి ఆ తరహా ఆర్థిక గ్రాంట్లు ఆపేసింది. ప్రభుత్వాల మధ్య నడిచిన ఆ సాయం వెనక్కి తగ్గాక మిగిలింది మీరే. అందుకే మీకు రాస్తున్నాను.

మీ దయ ఎక్కువగా ఎటు ప్రవహిస్తుందో గమనించారా? సొంతూరికి. పుట్టిన ఊళ్లో బడికి గదులు కట్టిస్తారు, మంచినీటి ప్లాంటు పెట్టిస్తారు, గుడికి గోపురం ఎత్తిస్తారు, గ్రంథాలయానికి పుస్తకాలు కొంటారు. నాన్నగారి పేరు మీదో, తాతగారి పేరు మీదో శిలాఫలకం వేయిస్తారు. అందులో తప్పేమీ లేదు. పుట్టిన నేల రుణం తీర్చుకోవాలనుకోవడం మంచి గుణం. కానీ బస్తీ ఎవరి సొంతూరు? మా సింగ్‌నగర్ నుంచి, విశాఖ ఆరిలోవ నుంచి, హైదరాబాద్ అడ్డగుట్ట నుంచి డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లి, “మా బస్తీకి ఏదైనా చేద్దాం” అని సంఘంలో లేచి నిలబడేవాళ్లు ఎంతమంది? ఇక్కడికి వచ్చినవాళ్లకు కూడా ఇది సొంతూరు కాదు. మా నాన్న చనిపోయేదాకా “మా ఊరు” అంటే కృష్ణా జిల్లాలోని తన పల్లెనే అనేవాడు. యాభై ఏళ్లు ఇక్కడ బతికాడు. ఆ పల్లెకు ఒక దాత ఉన్నాడు, ఈ బస్తీకి లేడు.

ఇదేదో చిన్న లెక్క అనుకోవద్దు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోటి మందికి పైగా మురికివాడల్లో ఉన్నారు. మహారాష్ట్ర తర్వాత ఎక్కువ మంది ఇక్కడే. పది లక్షలు దాటిన నగరాల్లో మురికివాడల్లో నివసించే కుటుంబాల శాతం దేశం మొత్తం మీద ఎక్కువగా కనిపించింది విశాఖపట్నంలో: 44 శాతం. విజయవాడలో 40 శాతం దాటింది. ఆ లెక్కల నాటికి పాలు తాగే పిల్లలు ఇప్పుడు పదిహేను, పదహారేళ్ల వాళ్లు. వాళ్లే రేపు మా గదికి వస్తారు.

ఇక అసలు విషయానికి వస్తాను.

మీ నిధులతో నడిచే శిక్షణలు సాధారణంగా మూడు నెలలు ఉంటాయి. ఏసీ మెకానిక్, ఎలక్ట్రీషియన్, సెల్‌ఫోన్ రిపేరు, ఆసుపత్రి సహాయకులు, షోరూములో అమ్మకాలు, కంప్యూటర్‌లో లెక్కలు. చివరి రోజు చిన్న సభ, సర్టిఫికెట్లు, ఫొటోలు. ఆ తర్వాత ఎంతమందికి ఉద్యోగం వచ్చిందో ఒక నివేదిక మీకు అందుతుంది. ఆ నివేదిక అబద్ధం కాదు. నిజంగానే ఉద్యోగం వస్తుంది. కథ అక్కడ మొదలవుతుంది. మీ లెక్క మాత్రం అక్కడితో ముగుస్తుంది.

మా పక్క వీధి కుర్రాడి సంగతి చెబుతాను. పేరు అక్కర్లేదు, ఇలాంటివాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. శిక్షణ అయింది. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో నెలకు 13,000 రూపాయల పని దొరికింది. వాళ్లమ్మ మూడిళ్లలో పాచిపని చేస్తుంది. వీధంతా సంతోషించింది. నెల మూడో తేదీన చేరాడు. జీతం వచ్చేది మరుసటి నెల ఏడున. ఈ ముప్పై నాలుగు రోజులు ఎలా బతకాలి? హాస్టల్లో మంచం కావాలంటే ఒక నెల అడ్వాన్సు, ఒక నెల అద్దె ముందే కట్టాలి. నల్ల ప్యాంటు, నల్ల బూట్లు సొంతంగా కొనుక్కోవాలి. రోజూ బస్సు చార్జీలు. అమ్మ వారం వడ్డీకి 10,000 తెచ్చి ఇచ్చింది. మొదటి జీతం చేతికి వచ్చేసరికి పీఎఫ్ పోగా, మధ్యలో జ్వరంతో మానేసిన నాలుగు రోజుల కోత పోగా మిగిలింది హాస్టల్‌కీ వడ్డీకీ సరిపోలేదు. రెండో నెల మధ్యలో రాత్రి ప్యాసింజరు రైలెక్కి తిరిగి వచ్చేశాడు. ఇప్పుడు ఆ అప్పు తీర్చడానికి ఒక క్యాటరింగ్ మేస్త్రీ దగ్గర పెళ్లిళ్లకు వడ్డనకు వెళ్తున్నాడు. నివేదికలో మాత్రం వాడు ఇప్పటికీ ఉద్యోగం పొందినవాడే.

వాడిని సోమరి అన్నారు. నిలకడ లేదన్నారు. “ఈ బస్తీ పిల్లలు ఇంతే, అమ్మను వదిలి ఉండలేరు” అని శిక్షణ ఇచ్చిన సంస్థలోని ఒకాయన నా ముందే అన్నాడు. అప్పుడు నాకు కలిగిన కోపం ఇంకా చల్లారలేదు. మీ అబ్బాయి బెంగళూరులో మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు మొదటి మూడు నెలల గది అద్దె ఎవరు కట్టారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. మీరు అమెరికాలో దిగిన మొదటి నెలల్లో ఎవరింట్లో ఉన్నారు, ఎవరి కారులో పచారీ కొట్టుకు వెళ్లారు, ఎవరు మీకు బ్యాంకు ఖాతా తెరిపించారు? అన్న స్నేహితుడో, ఊరి బంధువో, సంఘంలో పరిచయమైన తెలుగు కుటుంబమో మిమ్మల్ని ఆ కొద్ది నెలలు దాటించింది. ఆ ఆసరాను ఎవరూ మీకు దానమని అనలేదు. మా పిల్లలకు లేనిది అదే. తెలివి తక్కువై కాదు, కష్టపడే గుణం లేక కాదు. మొదటి ఆరు నెలలు పట్టుకునే చెయ్యి లేక వెనక్కి వస్తున్నారు.

అందువల్ల నేను అడుగుతున్నది ఒక్కటే: శిక్షణకు పెడుతున్న డబ్బులో కొంత తగ్గించైనా సరే, శిక్షణ తర్వాతి సంవత్సరానికి నిధులు ఇవ్వండి.

ఆ సంవత్సరంలో రెండు ఖర్చులుంటాయి. ఒకటి, మొదటి జీతం దాకా దాటించే చేబదులు. ఉచితంగా ఇవ్వనక్కర్లేదు. వడ్డీ లేకుండా ఇచ్చి, మూడో జీతం నుంచి కొద్ది కొద్దిగా తిరిగి తీసుకోవచ్చు. మేము ఆటోనగర్‌లో షెడ్డు నడుపుకునే ఇద్దరు యజమానులూ మరికొందరూ ఇచ్చిన డబ్బుతో చాలా చిన్నగా ఈ పని చేసి చూశాం. అందరూ తిరిగి కట్టారని చెప్పను. కట్టనివాళ్లు ఉన్నారు. కానీ కట్టినవాళ్లలో ఒక అమ్మాయి తన వాయిదాలు పూర్తయ్యాక మరుసటి నెల కూడా 500 రూపాయలు తెచ్చి, “నా తర్వాత వెళ్లేవాళ్లకు” అని పుస్తకంలో రాయించుకుంది. ఆ పుస్తకం మీరు వచ్చినప్పుడు చూపిస్తాను.

రెండోది మనిషి. దీన్ని మీ బడ్జెట్లు ఎప్పుడూ ఒప్పుకోవు. కంప్యూటరుకు ఒప్పుకుంటారు, కుర్చీలకు ఒప్పుకుంటారు, బ్యానరుకు కూడా ఒప్పుకుంటారు. జీతం అనగానే కలం ఆగిపోతుంది. కానీ పాతికమంది పిల్లలకు ఒక తోడు మనిషి లేకపోతే తక్కినదంతా వృథా. రాత్రి తొమ్మిదికి ఫోను చేసి “అన్నా, రేపటి నుంచి వెళ్లను, సూపర్‌వైజర్ మా అమ్మను తిట్టాడు” అన్నప్పుడు ఎత్తే మనిషి ఆ తోడు. కాంట్రాక్టరు పీఎఫ్ కోస్తున్నాడు గానీ కడుతున్నాడో లేదో చూడటం, ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు పడితే వార్డు సచివాలయం చుట్టూ తిరగడం, ఆసుపత్రిలో పనికి వెళ్లే అమ్మాయి తండ్రితో అరుగు మీద కూర్చుని గంటసేపు మాట్లాడటం ఈ మనిషి పని. ఇది ఏ పాఠ్యాంశంలోనూ ఉండదు. ఏ మూడు నెలల్లోనూ పూర్తి కాదు. ఇది చేయగలిగినవాళ్లు బస్తీలోనే ఉన్నారు: రెండు మూడేళ్ల కిందట ఇదే దారిలో వెళ్లి నిలబడినవాళ్లు.

అమ్మాయిల గురించి విడిగా చెప్పాలి. వాళ్లు శిక్షణలో మగపిల్లల కన్నా బాగా నేర్చుకుంటారు. నాకు ఇందులో సందేహం లేదు. పని మానేసేటప్పుడు కూడా వాళ్లే ముందు మానేస్తారు. కారణం అడిగితే “ఇంట్లో వద్దన్నారు” అంటారు. ఆ మాట కింద ఎన్ని సంగతులు ఉంటాయో. షోరూము రాత్రి తొమ్మిదిన్నరకు మూస్తారు. బెంజ్ సర్కిల్ నుంచి సింగ్‌నగర్‌కు ఆ వేళ షేర్ ఆటోలో ఇద్దరే ఆడపిల్లలు. ఫ్లైఓవర్ దిగాక వీధి చివర దీపం లేదు. రోజంతా నిలబడి చేసే పనిలో కూర్చోవడానికి స్టూలు ఉండదు, మరుగుదొడ్డికి వెళ్లాలంటే అనుమతి అడగాలి. నెలసరి రోజుల్లో సెలవు అడగలేక మానేసిన పిల్లలు మా దగ్గర ఉన్నారు. ఒకరు మానేశారంటే ఆ వీధిలో మరో నలుగురి ఇళ్లలో తలుపులు మూసుకుంటాయి. ఏడాది తిరగకుండా పెళ్లి చూపులు మొదలవుతాయి. ఒక దాత ప్రతినిధి నాతో “ఇది సామాజిక సమస్య, మా పరిధిలోకి రాదు” అన్నారు. రాత్రి తొమ్మిదిన్నరకు నలుగురు అమ్మాయిలను ఇంటికి చేర్చే ఆటోకు నెలవారీ డబ్బు కడితే ఆ సమస్యలో సగం తీరుతుందని ఆయనకు చెప్పాను. నా మాట విన్నారో లేదో తెలియదు. ఆ నివేదికలో ఆటోకు గడి లేదు.

చిరునామా సంగతి కూడా చెప్పి ముందుకు వెళ్తాను. ఇంటర్వ్యూలో “ఎక్కడ ఉంటావు?” అనే ప్రశ్న దగ్గర ముఖం మారిపోవడం మా పిల్లలు చూస్తూనే ఉంటారు. కొందరు బంధువుల చిరునామా ఇస్తారు. ఇంటిపేరు చెప్పగానే కులం ఆరా తీసేవాళ్లు ఇంకా ఉన్నారు. దీనికి మీరు చేయగల సాయం ఒకటుంది. మీలో చాలామందికి విజయవాడలో, హైదరాబాద్‌లో, విశాఖలో వ్యాపారాలున్న బంధువులు, స్నేహితులు ఉన్నారు. చెక్కు కన్నా మీరు వాళ్లకు చేసే ఒక ఫోను మాకు విలువైనది. “ఈ పిల్లకు నాది హామీ” అని మీరు చెప్పండి. మీ చుట్టాల అబ్బాయికి చెప్పినట్టే చెప్పండి.

చట్టం మాటకొస్తే, మీ చేతులు కొంత కట్టి ఉన్నాయని నాకు తెలుసు. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని 2020లో సవరించారు. అప్పటిదాకా విదేశీ నిధుల్లో 50 శాతం వరకు నిర్వహణకు ఖర్చు చేసుకునే వీలుండేది. దాన్ని 20 శాతానికి తగ్గించారు. అంతకన్నా పెద్ద దెబ్బ మరొకటి. విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నారు. అంతకుముందు పెద్ద సంస్థలు నిధులు తెచ్చి, బస్తీల్లో పనిచేసే చిన్న సంఘాలకు పంచేవి. మా వంటివాళ్లు అలాగే బతికాం. ఆ దారి ఒక్కసారిగా మూసుకుపోయింది. సొంతంగా అనుమతి తెచ్చుకుని, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు శాఖలో ఖాతా తెరిచి, లెక్కలు అప్పజెప్పగల శక్తి ఏ బస్తీ యువజన సంఘానికి ఉంటుంది? దుర్వినియోగం అరికట్టాలనే ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను. తప్పు చేసినవాళ్లు ఉన్నారు. కానీ ఆ నిబంధన బరువు మోస్తున్నది వాళ్లు కాదు, చాప మీద కూర్చుని పనిచేసేవాళ్లు.

అయినా దారులున్నాయి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇచ్చే డబ్బును చట్టం విదేశీ విరాళంగా లెక్కించదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లకు మాత్రం అది వర్తించదు. అంటే సంఘంలోని కొత్తవాళ్లు, చదువు పూర్తి చేసి ఇప్పుడే ఉద్యోగంలో చేరినవాళ్లు, గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు నేరుగా సాయపడగలరు. గల్ఫ్ కార్మికుల గురించి ఆగి ఒక మాట చెప్పాలనిపిస్తోంది. దుబాయ్‌లో, మస్కట్‌లో శిబిరాల్లో పదిమంది ఒక గదిలో ఉండి ఇంటికి డబ్బు పంపేవాళ్లకు మా పిల్లల మొదటి నెల కష్టం ఎవరూ వివరించనక్కర్లేదు. అది వాళ్లు పడిన కష్టమే. మా పుస్తకంలో మొట్టమొదట చేబదులుకు డబ్బు రాయించినవాళ్లలో ఒకరు మస్కట్‌లో తాపీ పని చేసే మా బస్తీ మనిషే.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 ఉగాదికి పీ4 కార్యక్రమం మొదలుపెట్టింది. ఉన్నవాళ్లు మార్గదర్శులుగా, పేద కుటుంబాలు బంగారు కుటుంబాలుగా జతపడాలన్నది అందులో ఆలోచన. మీలో కొందరు ఇప్పటికే ఏదో ఒక కుటుంబాన్ని దత్తత తీసుకుని ఉంటారు. ఆ కుటుంబం పట్టణ బస్తీలోదైతే, అందులో ఇరవై ఏళ్ల కుర్రాడో అమ్మాయో ఉంటే, నేను చెప్పిన ఆ ఒక్క సంవత్సరాన్నే మీ బాధ్యతగా తీసుకోండి. నెలకొకసారి వీడియోలో మాట్లాడి, మీరు మొదటి ఉద్యోగంలో చేసిన తప్పులు చెప్పండి. అదీ సాయమే.

ఇప్పటిదాకా డబ్బు గురించి రాశాను. నాకు ఇంకా ముఖ్యమనిపించేది నిర్ణయం ఎవరిదన్నది. కెన్యా రాజధాని నైరోబీలో మథారే అనే పెద్ద మురికివాడ ఉంది. 1987లో ఒక కెనడా దేశస్థుడి చొరవతో అక్కడ పిల్లల ఫుట్‌బాల్ సంఘం మొదలైంది. అక్కడి పద్ధతి నాకు చాలా ఇష్టం. మ్యాచ్ గెలిస్తేనే కాదు, జట్టంతా కలిసి బస్తీలో చెత్త ఎత్తితే కూడా లీగ్ పట్టికలో పాయింట్లు పడతాయి. సంఘంలో బాధ్యతలు మోసేవాళ్లకు, అంటే శిక్షకులకు, నిర్వాహకులకు వచ్చే పాయింట్లు వాళ్ల బడి ఫీజులుగా మారతాయి. నిర్వహించేది, నిర్ణయించేది ఎక్కువగా ఆ పిల్లలే. వాళ్ల జట్లు నార్వేకు వెళ్లి అక్కడి అంతర్జాతీయ యువ టోర్నమెంటులో ఆడి గెలిచి వచ్చాయి. బయటి దేశం నుంచి స్నేహితులు వచ్చారు, నిధులు వచ్చాయి, కానీ పగ్గాలు బస్తీ పిల్లల చేతిలో ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి నివాసాల సంస్థ 2009లో నార్వే సాయంతో పెట్టిన పట్టణ యువ నిధి కూడా 15 నుంచి 32 ఏళ్ల యువత తామే నడిపే సంఘాలకు డబ్బు ఇవ్వాలన్న నియమంతోనే మొదలైంది.

మన దేశంలోనే ఇంకా పాత ఉదాహరణ ఉంది. 1980ల్లో ముంబై బైకుల్లా కాలిబాటల మీద ఉండే ఆడవాళ్లు మహిళా మిలన్ అనే సంఘంగా ఏర్పడ్డారు. ఆ కాలిబాట కుటుంబాల లెక్క 1985లో వాళ్ల భాగస్వామ్యంతోనే తీశారు. తర్వాత మురికివాడల జాతీయ సమాఖ్యతో కలిసి దక్షిణాఫ్రికా బస్తీవాసులతో రాకపోకలు సాగించారు. నిపుణులు కాదు, ఆ గుడిసెల్లో ఉన్నవాళ్లే వెళ్లి, అక్కడి గుడిసెల్లో పడుకుని, పొదుపు ఎలా చేస్తున్నారో, ఇంటి జాగా కోసం అధికారులతో ఎలా మాట్లాడుతున్నారో నేర్చుకుని వచ్చారు. 1996లో అది అనేక దేశాల మురికివాడల ఉమ్మడి సంస్థగా మారింది. అంతర్జాతీయ సంఘీభావం అనే పెద్ద మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే. మీ కార్యక్రమాల్లో అమెరికా నుంచి ఇద్దరు విద్యార్థులు వచ్చి రెండు వారాలు మా పిల్లలకు ఇంగ్లిష్ నేర్పి వెళ్లడానికి విమాన ఖర్చులుంటాయి. ఆ పిల్లలు మంచివాళ్లు, ప్రేమగా ఉంటారు. కానీ అదే డబ్బుతో మా సింగ్‌నగర్ పిల్లలు పదిమంది విశాఖ, ముంబై బస్తీల్లో వారం రోజులు ఉండి రావచ్చు. వీలైతే మథారే పిల్లలతో ఒక ఆట ఆడి రావచ్చు. ఆ ప్రయాణం వాళ్ల నడుమును నిటారుగా చేస్తుంది.

మా పిల్లలకు నిర్ణయాలు తీసుకునే శక్తి ఉందా అని మీకు అనుమానం ఉండవచ్చు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మా మీద పడ్డ రోజు గురించి చెబుతాను. మెడలోతు నీళ్లు. కరెంటు లేదు, ఫోన్లు ఆగిపోయాయి. పడవలు అందేలోపు వీధుల్లో దిగింది ఈ కుర్రాళ్లే. లారీ ట్యూబుల మీద ముసలివాళ్లను ఎక్కించి తీసుకొచ్చారు. ఏ ఇంట్లో నిండు గర్భిణి ఉంది, ఏ మేడ మీద షుగర్ మందులు అయిపోయాయి అన్న జాబితా ఒక అట్ట మీద బొగ్గుతో రాశారు. చదువు మానేశాడని అందరూ వదిలేసిన ఒకడు, ఏ సందులో కాలువ మూత లేదో గుర్తుపెట్టుకుని, కర్రతో పొడుస్తూ ముందు నడిచాడు. నీళ్లు తగ్గాక దాతలు వచ్చారు. బియ్యం, దుప్పట్లు ఇచ్చారు. ఆ దుప్పట్లు మాకు అవసరమే, చేతులెత్తి నమస్కరిస్తున్నాను. కానీ ఏం అవసరమో ఆ కుర్రాళ్లను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాళ్లు: సరకులు ఇళ్లకు చేర్చే పని చేసుకునేవాళ్ల బండ్లన్నీ మునిగిపోయాయని, ఇంజను బాగుచేయడానికి కొద్ది వేలు దొరికితే మర్నాడే పనికి వెళ్తారని, బండి మీద నెలవాయిదా మాత్రం ఆగలేదని. ఎలక్ట్రీషియన్ల, మెకానిక్‌ల పనిముట్లు బురదలో పోయాయని. అప్పటిదాకా నిలదొక్కుకున్నవాళ్లలో కొందరు ఆ రెండు వారాల్లో మళ్లీ మొదటికి వచ్చారు.

కాబట్టి మీ కమిటీల్లో మా పిల్లలకు చోటివ్వండి. సలహా అడిగే చోటు కాదు, ఓటు ఉండే చోటు. సింగ్‌నగర్‌లో ఖర్చు పెట్టే రూపాయి ఎక్కడ పెట్టాలో నిర్ణయించే బల్ల దగ్గర సింగ్‌నగర్ నుంచి ఇద్దరైనా కూర్చోవాలి, అందులో ఒకరు అమ్మాయి కావాలి. తప్పులు చేస్తారు. మేమూ చేశాం, మీరూ చేసి ఉంటారు. ఫొటోల విషయంలోనూ వాళ్ల మాటే చెల్లాలి. “నిరుపేద యువకుడు” అనే శీర్షిక కింద తన ముఖం కనబడితే, పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు ఆ ఫొటో అవతలివాళ్ల ఫోనులో ఉంటుందని వాళ్లకు తెలుసు.

వచ్చే సంక్రాంతికి మళ్లీ వస్తారు కదా. ఈసారి సర్టిఫికెట్లు ఇచ్చే రోజు రావద్దు. ఏదో ఒక మామూలు సాయంత్రం, ఏడు దాటాక రండి. హైదరాబాద్ నుంచి, చెన్నై నుంచి రెండో నెలలోనే తిరిగి వచ్చేసినవాళ్లను ఆ రోజు గదికి పిలుస్తాను. మొదట సిగ్గుపడతారు, మాట్లాడరు. టీ తాగాక ఒకరు మొదలుపెడతారు. మా పుస్తకం తెచ్చి మీ ముందు పెడతాను. చేబదులు తీసుకున్నవాళ్ల పేర్లు, కట్టినవి, కట్టనివి అన్నీ అందులో ఉన్నాయి. కింద ఖాళీ గీతలు చాలా ఉన్నాయి. మీ పేరు రాసేముందు, ఆ గదిలో కూర్చున్నవాళ్లలో ఎవరి పక్కన ఏడాది నిలబడతారో వాళ్లనే అడిగి చెప్పండి.

మీ రాక కోసం ఎదురుచూస్తూ,

అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ నుంచి
బస్తీ యువతతో పనిచేస్తున్న ఒక కార్యకర్త